తోక జారిన కారు, ఒక ఇనప కడ్డీ

2016 అక్టోబరులో ఒక ఆదివారం సాయంత్రం, డెట్రాయిట్ శివార్లలో, మా కారు నడిరోడ్డు మీద వెనక్కి తిరిగి నిలబడింది. నేను తిప్పలేదు, అదే తిరిగింది.

కాంటన్‌లో స్నేహితులింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళి ఇంటికొస్తున్నాం. సన్నగా వాన పడుతోంది. మేం దిగాల్సిన ర్యాంపు గుండ్రంగా వంగి, చివర్లో రెండుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర పసుపు రంగు ప్లాస్టిక్ పీపాలు గుంపుగా నిలబెట్టి ఉంటాయి, అమెరికాలో ఉన్నవాళ్ళు చూసే ఉంటారు. నేను కొంచెం హుషారుగానే ర్యాంపులోకి వెళ్ళాను. సగం వంపులో స్పీడు ఎక్కువైందేమో అనిపించి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాను. అంతే, వెనక చక్రాలు పక్కకి జారాయి. స్టీరింగ్ అటు తిప్పాను, ఇటు తిప్పాను. కారు నా మాట వినడం మానేసి బొంగరంలా ఒక చుట్టు తిరిగి, పీపాలకి పది అడుగుల ఇవతల ఆగింది. వెనకాల ఇంకో కారు లేకపోవడం మా అదృష్టం. మా ఆవిడ అప్పుడు నాలుగో నెల గర్భిణి. ఆమె ఒళ్ళో ఉన్న పులిహోర డబ్బా ఎగిరిపోయి, పులిహోర కారంతా పరుచుకుంది. ఆ పసుపు మరక పైకప్పు గుడ్డకి కారు అమ్మేదాకా అలాగే ఉంది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికెళ్ళేదాకా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికెళ్ళాక ఒకటే అడిగింది: "మునుపు ఇదే ర్యాంపులో వానలో ఎన్నిసార్లు రాలేదు? ఇప్పుడే ఎందుకిలా అయింది?"

జవాబు నాకు తెలుసు, చెప్పడానికే నోరు రాలేదు. మూడు నెలల క్రితమే ఆ కారుని నేను 'బాగుచేశాను'.

నేను చేసిన ఘనకార్యం ఏమిటో ముందు చెప్పేస్తాను. నేనొక కార్ల కంపెనీకి కన్సల్టెంటుని. మా ఊళ్ళో నేను కార్లు తయారుచేస్తానని అనుకుంటారు గానీ, నేను చేసేది వారంటీ క్లెయిముల డేటాబేసుకి ఇండెక్సులు వేయడం. అయితే చుట్టూ అందరూ కార్ల పిచ్చివాళ్ళే కదా, ఆ గాలి నాకూ సోకింది. నాది 2006 మోడల్ సెడాన్, ముందు చక్రాలు లాగే రకం. దానికి రెండంగుళాలు పొట్టివైన గట్టి స్ప్రింగులు వేశాను. వెనక వైపు వేలు లావు కడ్డీ ఒకటి ఉండేది, దాన్ని తీసేసి బొటనవేలంత లావుది బిగించాను. కొత్త టైర్లు రెండు కొని ముందు వేసి, అరిగినవి వెనక ఉంచాను. ఇంజను లాగేది ముందు చక్రాల్నే కదా అని నా తర్కం. పొడి రోడ్డు మీద కారు కత్తిలా తిరిగేది. ఈమాత్రం పని కంపెనీవాళ్ళు ఎందుకు చేయలేదు, పిసినారితనం కాకపోతే, అనుకున్నాను కూడా.

మన వృత్తిలో దీనికి సరిగ్గా సరిపోయే సందర్భం ఉంది. పాత కోడ్‌లో ఒక వింత లైను కనబడుతుంది. కామెంటు ఉండదు. ఎందుకుందో తెలియదు. తీసేస్తే ప్రోగ్రాం ఇంకా వేగంగా నడుస్తుంది. నెల తర్వాత అర్ధరాత్రి ఫోను మోగుతుంది. నా కారులో అలాంటి లైను ఒకటి తీసేశానని అర్థమయ్యాక, దాన్ని మొదట ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటలో దొరికినదే ఈ కథ. చిత్రమేమిటంటే అందులో చాలా భాగం మా ఇంటికి గంట దూరంలోనే జరిగింది.

మొదటి మనిషి మారిస్ ఓలీ. 1889లో వేల్స్‌లో పుట్టి, రోల్స్ రాయిస్‌లో పనిచేసి, ఆ కంపెనీ తరఫునే అమెరికా వచ్చి, 1930లో డెట్రాయిట్‌లో కాడిలాక్‌లో చేరాడు. ఒకరకంగా మనలాంటి వలస ఉద్యోగే అన్నమాట. ఆనాటి అమెరికా కార్లు బలమైనవే గానీ వాటిలో ప్రయాణం ఒక శిక్ష. ముందు ఇరుసుకి గట్టి కమాను కట్టలు, వెనక మెత్తవి. గతుకు వస్తే వెనక కూర్చున్నవాళ్ళు ఎగిరి పైకప్పుకి తగిలేవారు. రోల్స్ రాయిస్‌లో ఓలీ ఒక అలవాటు నేర్చుకున్నాడు: కొలవడం. అక్కడివాళ్ళు కారు మొత్తాన్ని పైనుంచి వేలాడదీసి, ఊయలలా ఊపి, అది ఎంతసేపట్లో ఊగుతుందో చూసి బరువు ఎక్కడెక్కడ ఎంత ఉందో లెక్కకట్టేవారు. ఆ అలవాటుని ఓలీ కాడిలాక్‌కి తెచ్చాడు.

1932లో ఒక ఏడు సీట్ల లిమోజిన్‌కి ముందూ వెనకా బరువులు జరపగలిగేలా ఏర్పాటు చేసి, దాన్ని రోడ్డు మీద తిప్పాడు. ఒక చోట బరువు పెట్టడం, ఒక చుట్టు తిరగడం, మార్చడం, మళ్ళీ తిరగడం. కుదుపుని అంకెల్లో చెప్పే పరికరాలు అప్పట్లో లేవు, కూర్చున్నవాళ్ళు చెప్పిందే కొలత. దాంట్లోంచి తేలింది అందరూ నమ్ముతున్నదానికి తలకిందులు: ముందు స్ప్రింగులే మెత్తగా ఉండాలి, వెనకవి కొంచెం గట్టిగా. ఎందుకంటే గతుకు ముందు చక్రాలకి మొదట తగులుతుంది, వెనక చక్రాలకి కాస్త ఆలస్యంగా. వెనక ఊపు కొంచెం త్వరగా తిరిగితే ముందు ఊపుని అందుకుంటుంది, అప్పుడు కారు తలూపడం మానేసి మొత్తంగా ఒకేసారి లేచి దిగుతుంది.

కానీ ముందు స్ప్రింగులు మెత్తబరిస్తే పాత ఇరుసుతో స్టీరింగు వణికేది. అందుకని ఇరుసుని తీసేసి, ఏ చక్రానికా చక్రం విడిగా కదిలే ఏర్పాటు చేయాల్సివచ్చింది. 1934 మోడళ్ళకి జనరల్ మోటార్స్ అది తెచ్చింది. దానివల్ల ఇంకో తలనొప్పి పుట్టింది. కారు మెత్తనైంది గానీ మలుపులో పడవలా ఒరిగేది. దానికి మందుగా వచ్చిందే ఆ ఇనప కడ్డీ: యాంటీ రోల్ బార్. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య అడ్డంగా కట్టిన, మెలితిరిగే కడ్డీ. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఊరికే ఉంటుంది, ఒకటి లేచి ఒకటి దిగితే అడ్డుపడుతుంది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పక తప్పదు, అంతా దీని మీదే ఉంది.

టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు అవదు, అంతకంటే తక్కువ పెరుగుతుంది. ఊహకి కొన్ని అంకెలు అనుకుందాం. ముందు రెండు టైర్ల మీద చెరో 300 కిలోలు ఉంటే, చెరో 300 కిలోల పక్కబలం ఆపగలవనుకోండి, మొత్తం 600. మలుపులో లోపలి టైరు మీంచి బయటి టైరు మీదికి 200 కిలోలు జరిగాయి. ఇప్పుడు 500, 100. బయటిది 450 ఆపుతుంది, లోపలిది 105. మొత్తం 555. బరువు అంతే ఉంది, పట్టు తగ్గింది. మలుపులో ఎంత బరువు పక్కకి జరుగుతుందన్నది కారు ఎత్తూ, వెడల్పూ, వేగమూ, వంపూ నిర్ణయిస్తాయి. స్ప్రింగులూ కడ్డీలూ దాన్ని దాదాపు మార్చలేవు. అవి చేసేదల్లా ఆ జరిగేదాంట్లో ముందు జతకి ఎంత వాటా, వెనక జతకి ఎంత వాటా అని పంచడమే. ముందు కడ్డీ లావు చేస్తే ముందు జత ఎక్కువ వాటా మోసి, పట్టు ముందు కోల్పోతుంది. వెనకది లావు చేస్తే తోక ముందు జారుతుంది.

ముక్కు జారితే కారు మీరు తిప్పినంత తిరగదు, వెడల్పుగా పోతుంది. దాన్ని అండర్‌స్టీర్ అంటారు. తోక జారితే మీరు తిప్పినదానికంటే ఎక్కువ తిరుగుతుంది, అది ఓవర్‌స్టీర్. ఈ రెండు మాటల్నీ వాడుకలోకి తెచ్చిన ఖ్యాతి ఎక్కువగా ఓలీకే ఇస్తారు. ముక్కు జారినప్పుడు భయపడి కాలు తీసేస్తే బరువు ముందుకి వచ్చి ముందు చక్రాలకి పట్టు దొరుకుతుంది, మామూలు మనిషి భయంతో చేసేదే మందు. తోక జారబోతున్నప్పుడు భయపడి కాలు తీస్తే వెనక చక్రాల మీద ఉన్న కాస్త బరువూ పోతుంది, మామూలు మనిషి భయంతో చేసేదే విషం. నేను ర్యాంపులో చేసింది రెండోది. అందుకే అమ్మే కార్లని ఇంజనీర్లు కావాలని ముక్కు జారేలా చేస్తారు. నా కారు వెనక కడ్డీ సన్నగా ఉండటానికి కారణం అదే, పిసినారితనం కాదు.

ఈ జారుడుని కొలవడానికి ఒక పద్ధతి ఉంది: పెద్ద చదును మైదానంలో ఒక వృత్తం గీసి, కారు జారబోయేదాకా దాని మీద తిరగడం. మా ఇంటికి అరగంట దూరంలో మిల్ఫర్డ్‌లో 1924 నుంచీ జనరల్ మోటార్స్ పరీక్షా మైదానం ఉంది. అక్కడ ఇలాంటి కొలతలు చేసిన కె. ఎ. స్టోనెక్స్ 1941లో వాటి మీద ఒక పత్రం ప్రచురించాడు. 1950ల్లో బఫెలోలోని కార్నెల్ ఏరోనాటికల్ లాబరేటరీలో విలియం మిలికెన్ బృందం ఇదే పనికి విమానాల గణితం తెచ్చింది. ఈ మిలికెన్ గారు 1948లో వాట్కిన్స్ గ్లెన్ రేసులో తన బుగాటీని తిరగేసుకుంటే ఆ మలుపుకి ఆయన పేరే పెట్టారు :) ఆయన జట్టులో లెనర్డ్ సెగెల్ కారు కదలికకి రాసిన సమీకరణాలు, రోడ్డు మీద కొలిచినవాటితో సరిపోయాయి. 1956లో లండన్‌లో ఆ పత్రాలు చదివారు. అంటే 1956 నాటికి ఏ కారు తోక జారుతుందో కాగితం మీదే చెప్పే విద్య చేతికొచ్చేసింది.

ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నన్ను నిద్రపోనివ్వని కథ దీని తర్వాతే జరిగింది.

1959 చివర్లో షెవ్రొలే కార్వెయిర్ అనే చిన్న కారు విడుదల చేసింది. అమెరికా కారుకి అదొక విడ్డూరం. ఇంజను వెనక ఉంటుంది, గాలితో చల్లబడుతుంది. కారు బరువులో 60 శాతానికి పైగా వెనక చక్రాల మీదే. ఆ వెనక చక్రాలకి స్వింగ్ యాక్సిల్ అనే ఏర్పాటు. నిలబడి రెండు చేతులూ పక్కలకి చాపండి. భుజాలే కీళ్ళు, అరచేతులే చక్రాలు. మోచేతుల దగ్గర కీలు లేదనుకోండి. మీరు కొంచెం పైకి లేస్తే చేతులు కిందికి వాలి అరచేతులు లోపలికి ముడుచుకుంటాయి కదా. గట్టి మలుపులో కార్వెయిర్ వెనక భాగం అలా పైకి లేచేది, బయటి చక్రం కారు కిందికి ముడుచుకునేది. అంతదాకా ఉన్న పట్టు ఒక్కసారిగా పోయేది. ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. ఎడ్మండ్ రంప్లర్ 1903లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు, ఫోక్స్‌వాగన్ బీటిల్‌కీ అదే. చవక, తేలిక, గతుకుల మీద మెత్తన. దాని గుణం కంపెనీకి తెలియనిదీ కాదు. 1953లోనే ఓలీ, యూరప్ కార్ల మీద రాసిన ఒక పత్రంలో, వెనక ఇంజనుకి స్వింగ్ యాక్సిల్ తగిలించడం మంచి బేరం కాదని తేల్చేశాడు. ఆయన అప్పుడు షెవ్రొలేలోనే ఉన్నాడు. 1955లో రిటైరయ్యాడు.

ఇలాంటి కారుకి ముందు వైపు ఒక యాంటీ రోల్ బార్ పెడితే, ముందు జత ఎక్కువ వాటా మోసి, తోక బతుకుతుంది. పైన చెప్పిన లెక్కే. షెవ్రొలే ఆ కడ్డీని తీసేసింది. కారణం ఖర్చు. దాని బదులు టైర్లలో గాలితో సర్దారు: ముందు 15 పౌండ్లు, వెనక 26. ముందు గాలి తక్కువైతే ముందు టైరు ఎక్కువగా మెలికపడి, ముక్కు కొంచెం జారుతుంది. కాగితం మీద పనిచేసే ఉపాయమే. కానీ ఆలోచించండి. ఒక కారు నిటారుగా నిలబడటమన్నది పెట్రోలు బంకులో గాలి కొట్టే కుర్రాడి చేతిలో పెట్టారు. ముందు టైర్లు మెత్తగా కనబడితే వాడేం చేస్తాడు? పాపం, మంచి చేద్దామని నాలుగింటికీ సమానంగా కొడతాడు. యజమాని థాంక్స్ చెప్పి డబ్బిచ్చి వెళ్తాడు. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని 'యూజర్ మాన్యువల్లో రాశాం కదా' అంటారు. నేనే ఎన్నిసార్లు అన్నానో.

కడ్డీ తర్వాత వచ్చింది. 1962లో అదనపు డబ్బు కట్టి కొనుక్కునే సస్పెన్షన్ ప్యాకేజీలో. 1964లో అన్ని కార్లకీ, దాంతో పాటు వెనక చక్రాలు ముడుచుకోకుండా అడ్డంగా ఒక కమాను పట్టీ కూడా. 1965కి స్వింగ్ యాక్సిల్‌నే తీసేసి పూర్తిగా కొత్త ఏర్పాటు చేశారు. అది నిజంగా మంచి కారు అయింది. కానీ 1960 నుంచి 63 దాకా అమ్మినవి రోడ్ల మీదే ఉన్నాయి.

కారు యజమానులు ఈలోగా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కాలిఫోర్నియాలో ఎంపీ అనే సంస్థ బీటిల్‌కీ కార్వెయిర్‌కీ వెనక తగిలించుకునే పట్టీని అమ్మేది. కనెక్టికట్‌లో జాన్ ఫిచ్ అనే రేస్ డ్రైవరు కార్వెయిర్‌ల సస్పెన్షన్ సవరించి 'స్ప్రింట్' పేరుతో అమ్మేవాడు. మామూలు కారుని వీధిలో నడుపుకుంటూనే దాని పట్టు మెరుగుపరచుకోవడమనే సరదా ఉంది చూశారూ, నాకు పట్టిన పిచ్చి, దానికి కార్వెయిర్ యజమానుల దగ్గర ఇలాంటి పుట్టుక కూడా ఉంది. వాళ్ళలో కొందరికి అది సరదా కాదు, ప్రాణభయం.

1965 నవంబరులో రాల్ఫ్ నేడర్ అనే కుర్ర లాయరు రాసిన 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' వచ్చింది. మొదటి అధ్యాయమే కార్వెయిర్ గురించి. అప్పటికే వందకు పైగా దావాలు నడుస్తున్నాయి. కంపెనీ ఏం చేసింది? నేడర్ గుట్టు లాగడానికి ప్రైవేటు డిటెక్టివ్‌లని పెట్టింది. అది బయటపడి, 1966 మార్చిలో సెనేట్ ఉపసంఘం ముందు జనరల్ మోటార్స్ అధ్యక్షుడు జేమ్స్ రోష్ క్షమాపణ చెప్పాల్సివచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో వాహన భద్రత చట్టం వచ్చింది. నేడర్ వేసిన దావాని 1970లో కంపెనీ 4,25,000 డాలర్లిచ్చి ముగించుకుంది. కార్వెయిర్ 1969లోనే ఆగిపోయింది.

కథ ఇక్కడితో ఆగితే మంచీ చెడూ తేలిగ్గా పంచేసుకోవచ్చు. కానీ 1972లో ప్రభుత్వ భద్రతా సంస్థే పరీక్షలు చేసి, 1960-63 కార్వెయిర్ ఆ కాలపు తోటి కార్లకంటే అదుపు తప్పే ప్రమాదం అసాధారణంగా ఎక్కువ ఉన్నదేమీ కాదని తేల్చింది. నేడర్ ఒప్పుకోలేదు. కార్వెయిర్ అభిమానులు ఇవాళ్టికీ ఆ రిపోర్టుని గుండెలకి హత్తుకుంటారు. నాకేమనిపిస్తుందంటే, రిపోర్టు తప్పని కాదు గానీ, అది అడిగిన ప్రశ్న వేరు. తోటి కార్లతో పోల్చింది. తోటి కార్లూ అంతంతమాత్రమే. నాకు కావలసిన ప్రశ్న: ఆ కడ్డీ పెడితే మెరుగవుతుందని తెలిసీ ఎందుకు తీశారు? దానికి జవాబు ఏ పరీక్షా మైదానంలోనూ దొరకదు.

ఇక నా సంగతి. అక్కడ కంపెనీ డబ్బు మిగుల్చుకోవడానికి ముందు కడ్డీ తీసేసింది. ఇక్కడ నేను డబ్బు ఖర్చుపెట్టి మరీ వెనక కడ్డీ లావు చేశాను. ఫలితం ఒకటే. అరిగిన టైర్లు వెనక వేయడం దానికి తోడు. వానలో నీళ్ళని పక్కకి తోసే గాళ్ళు వాటిలో మిగల్లేదు. కొత్త టైర్లు రెండే కొంటే, ఏ చక్రాలు లాగినా సరే, వెనకే వేయాలి. పొట్టి స్ప్రింగులతో ఇంకో తప్పు: కారుని అంత దించితే ముందు చక్రాల కింది చేతులు పైకి వంగిపోయి, కారు దిగినదానికంటే ఒరిగే కేంద్రం ఎక్కువ దిగుతుంది. తక్కువ ఒరగాల్సింది ఎక్కువ ఒరగాలని చూస్తుంది. పైగా షాక్ అబ్జార్బర్ కిందికి కదలడానికి జాగా లేక మలుపు మధ్యలో రబ్బరు దిమ్మకి కొట్టుకుంటుంది. ఆ క్షణంలో స్ప్రింగు రాయి అయిపోతుంది, టైరు జారుతుంది. మిషిగన్ గుంతల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఈ విషయంలో మనూరికీ ఇక్కడికీ పెద్ద తేడా లేదు. 2012 మోడల్ నుంచి అమెరికాలో అన్ని కార్లకీ తప్పనిసరైన స్టెబిలిటీ కంట్రోల్ నా పాత కారులో లేదు.

మరుసటి వసంతంలో, మా అమ్మాయి పుట్టిన రెండు నెలలకి, మా ఆవిడ అనుమతితో (షరతు: ఆమె గానీ పాప గానీ కారులో ఉండగా ఏ ప్రయోగమూ లేదు) మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఓలీ పద్ధతి. ఒకసారికి ఒక్కటే మార్పు, ప్రతి మార్పుకీ కొలత. ఇక్కడి కారు క్లబ్బువాళ్ళు పాడుబడ్డ పార్కింగ్ లాట్ అద్దెకి తీసుకుని శిక్షణ పెడతారు. అక్కడ 30 మీటర్ల వ్యాసార్ధంతో కోన్లు పెట్టి, జారబోయేదాకా చుట్టు తిరగడం. చుట్టుకి పట్టిన సెకన్లని వర్గం చేసి, 120.7ని దాంతో భాగిస్తే, కారు ఎన్ని జీల పక్కబలం మోసిందో వస్తుంది. పాత అవతారంలో 12.6 సెకన్లు, అంటే 0.76 జీ. నాలుగూ ఒకే రకం మంచి టైర్లు వేసేసరికి 12.0, అంటే 0.84. మొదటి ఫ్యాక్టరీ ఎత్తుకి దగ్గరగా ఉండే స్ప్రింగులూ, వాటికి తగిన షాకులూ వేస్తే 11.9. ముందు చక్రాల పైభాగం ఒక డిగ్రీ లోపలికి వాల్చి అలైన్‌మెంట్ చేయిస్తే 11.8. వెనక ఫ్యాక్టరీవాళ్ళ సన్న కడ్డీనే తిరిగి పెట్టేశాను.

ఖర్చు లెక్క చూస్తే నవ్వొస్తుంది. 0.8 సెకన్ల లాభంలో 0.6 టైర్లదే. మొదట్లో నేను తగలేసిన డబ్బంతా మిగిలిన వాటి మీద. అంతకంటే ముఖ్యం, ఇప్పుడు పట్టు తప్పితే ముక్కే ముందు జారుతుంది, అదీ నెమ్మదిగా, చెప్పి మరీ.

2018 వేసవిలో మా అత్తగారూ మామగారూ వచ్చారు. మామగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. నయాగరా అయిపోయింది, షికాగో అయిపోయింది, ఇంక ఏం చూపించాలో తెలియక డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. అక్కడ 1960 కార్వెయిర్ ఒకటి ఉంది. దాని ముందు నిలబడి స్వింగ్ యాక్సిల్ గురించి చేతులు చాపి ఆడించి మరీ చెప్తుంటే, మా ఆవిడ వెనకనుంచి, "పులిహోర సంగతి కూడా చెప్పండి నాన్నకి" అంది. అప్పటిదాకా వాళ్ళకి చెప్పలేదు. చెప్పక తప్పలేదు. తిడతారనుకున్నాను.

ఆయన తిట్టలేదు. "వెనక గట్టి చేశారా బాబూ?" అన్నారు.

"అవునండీ మామయ్యగారూ."

"మా రోజుల్లో లారీల వాళ్ళు లోడు ఎక్కువ లాగాలని వెనక కమాను కట్టలో ఇంకో రెండు పట్టీలు అదనంగా వేయించుకునేవాళ్ళు. లోడుంటే బాగానే ఉండేది. తిరుగు ప్రయాణంలో ఖాళీ బండి, తడి రోడ్డు, తోక ఊపేది. క్లీనరు కుర్రాళ్ళకి కూడా తెలుసు ఆ సంగతి."

నేను ఏడాదిన్నర చదివి తెలుసుకున్నది క్లీనరు కుర్రాళ్ళకి కూడా తెలుసట.

జాన్ ఫిచ్ గురించి ఒక సంగతి మిగిలిపోయింది. ఆయన 1955 లె మాన్స్ రేసులో మెర్సిడెస్ జట్టు డ్రైవరు. ఆయన కారుని ఆ క్షణంలో నడుపుతున్నది జతగాడు పియర్ లెవె. ఆ కారు ఎగిరి జనంలో పడి 80 మందికి పైగా చనిపోయారు, లెవె కూడా. తన వంతు కోసం ఎదురుచూస్తూ ఫిచ్ అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత ఆయన చేసిన పనుల్లో ఒకటి, హైవే చీలికల దగ్గర ఇసక నింపి పెట్టే ప్లాస్టిక్ పీపాలు. అవి పనిచేస్తాయో లేదో చూడటానికి తనే కారుతో వాటిని గుద్దుకునేవాడు. వాటికి ఇప్పటికీ ఫిచ్ బారియర్ అనే పేరు. ఆ ర్యాంపులో మాకు పది అడుగుల దూరంలో ఉన్నవి అవే. ఆయన 2012లో పోయారు, మిలికెన్ కూడా అదే సంవత్సరం, 101 ఏళ్ళ వయసులో.

బొటనవేలంత లావు కడ్డీ చాలా రోజులు గరాజ్ గోడకి వేలాడింది. ఆ మధ్య అమ్మకానికి పెడితే, పాతికేళ్ళు కూడా లేని మన తెలుగు కుర్రాడే ఒకడు వచ్చాడు, ఎమ్మెస్ చదువుతున్నాడట, అదే మోడల్ కారు. డబ్బు తీయబోతుంటే, "నీ వెనక టైర్లు ఎలా ఉన్నాయి తమ్ముడూ?" అని అడిగాను. వెళ్ళి చూశాం. గాళ్ళు దాదాపు లేవు. కడ్డీ అమ్మనన్నాను. వాడికి కోపం వచ్చింది, అంత దూరం డ్రైవ్ చేసుకుని వచ్చాడు మరి. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి, ఈ కథంతా మొదటినుంచీ చెప్పాను. సగంలోనే ఫోను చూసుకోవడం మొదలెట్టాడు. వారం తర్వాత మాత్రం మెసేజ్ పెట్టాడు: రెండు టైర్లు కొన్నాడట, వెనకే వేయించాడట, ఇంతకీ కడ్డీ ఇప్పుడిస్తారా అని.